అలలు బాగున్న చోటికి పోవద్దు

బనగానపల్లె నుంచి తూర్పుకు పోతే ఒంగోలు అవతల కొత్తపట్నం, ఆగ్నేయానికి దిగితే నెల్లూరు పక్కన మైపాడు. ఎటు పోయినా సముద్రం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అంత దూరం నుంచి సర్ఫింగ్ నేర్చుకుందామని బయల్దేరే కుర్రాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: “అన్నా, అలలు యాడ బాగుంటాయి?” నా జవాబులు వినడానికి తిక్కగా ఉంటాయి. దగ్గరి సముద్రాన్ని వదిలేయమంటాను. సీజను కాని నెలలో పొమ్మంటాను. నీళ్ళు నెమ్మదిగా ఉన్నచోట దిగొద్దంటాను. అన్నీ మనసులోంచి చెబుతున్న మాటలే. ఎండిన నేల మీద పెరిగిన మనం సముద్రాన్ని చూసి వేసే అంచనాల్లో ఎక్కువ భాగం తలకిందులుగా ఉంటాయి.

దగ్గరిది వద్దు అనడానికి కారణం చెబుతాను. కొత్తపట్నం, వేటపాలెం పక్కన రామాపురం, బాపట్ల దగ్గర సూర్యలంక, ఇవన్నీ పొద్దున కారెక్కితే మధ్యాహ్నానికి చేరే చోట్లే. సెలవు రోజున స్నానాలకు జనం పోతారు, ఎవరో ఒకరు కొట్టుకుపోయారన్న వార్త పేపర్లో వస్తూనే ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాడికి మంచి అల కన్నా ముందు కావలసింది, నడుము లోతు నీళ్ళలో బోర్డు తోక పట్టుకుని పక్కన నిలబడే మనిషి. అలాంటి మనుషులకు పేరున్న ఊరు చెన్నైకి దక్షిణాన, ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదున్న కోవళం. మూర్తి మేగవన్ అనే మత్స్యకారుడు అక్కడ సర్ఫింగ్ స్కూలు నిలబెట్టాడు. నేర్పేవాళ్ళలో చాలామంది జాలర్ల ఇళ్ళ పిల్లలే. మహాబలిపురంలో, పుదుచ్చేరిలో కూడా స్కూళ్ళున్నాయి. బనగానపల్లె స్టేషను నంద్యాల–ఎర్రగుంట్ల లైను మీద ఉంది కదా, ఎర్రగుంట్లలో మారితే చెన్నై వైపు దారి సులువే.

విశాఖ మన రాష్ట్రంలోదే కదా అంటారు. రుషికొండలో అనుభవమున్న శిక్షకుడు దొరికితే అక్కడ మొదలుపెట్టొచ్చు. ఆ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది. శుభ్రతా సౌకర్యాలూ భద్రతా ఏర్పాట్లూ చూసి ఇచ్చే గుర్తింపు అది. జెండా ఉంది కాబట్టి అలలు మెత్తగా ఉంటాయని ఎవరూ అనుకోవద్దు. ఆర్కే బీచి మాత్రం నేర్చుకునేవాడికి వద్దే వద్దు. రోడ్డు పక్కనే, ఐస్‌క్రీం బండ్ల ఎదురుగా ఉండేసరికి అది ఇంటి ముంగిలిలా కనబడుతుంది. నీళ్ళలో రాళ్ళున్నాయి, లోతు ఒక్కసారిగా వస్తుంది, ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి.

ఏ తీరమైనా ఒడ్డు వాలు చూడండి. ఇసుక బరకగా ఉండి పాదం కూరుకుపోతుంటే సాధారణంగా ఒడ్డు నిటారుగా దిగుతుందని అర్థం. అల తన ఎత్తుకు సుమారు ఒకటింబావు రెట్ల లోతుకు రాగానే విరుగుతుంది. నిటారు ఒడ్డున ఆ లోతు ఇసుక అంచులోనే ఉంటుంది. అందుకే అల అంతా ఒక్కసారి కాళ్ళ దగ్గర కూలి, మనిషిని ఇసుకకేసి కొడుతుంది. ఇసుక సన్నగా, గట్టిగా పరుచుకుని, చాలా దూరం నడిచినా నడుము దాటని చోట అల దూరంగా విరిగి నురగై మెల్లగా ఒడ్డుకొస్తుంది. చూసేవాళ్ళకు అది అందంగా ఉండదు, ఫొటోలో అసలు బాగుండదు. మొదటి పాఠం ఆ నురగలోనే.

ఇక నెల సంగతి. మహాబలిపురంలో 2023లో వరల్డ్ సర్ఫ్ లీగ్ పోటీలు ఆగస్టులో జరిగాయి. 2025 ఆగస్టులో ఆసియా చాంపియన్‌షిప్ కూడా అక్కడే జరిగింది. మన దేశపు సర్ఫర్ రమేశ్ బుదిహాళ్ కంచు పతకం గెలిచింది అందులోనే. ఆ వార్తలు చూసి ఆగస్టులో టికెట్లు తీసుకునేవాళ్ళున్నారు. పోటీదారులు కోరుకునే అల నేర్చుకునేవాడికి పనికిరాదు. ఎండాకాలం ముదిరే కొద్దీ దక్షిణాన హిందూ మహాసముద్రంలోంచి పెద్ద పొంగులు తూర్పు తీరానికి రావడం మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, తుఫానులు. ఈ రెండింటి మధ్య, మన బేనిషాన్ మామిడి తోటల్లో పూత నిలిచి పిందె కట్టే రోజులున్నాయే, అప్పుడు తమిళనాడు తీరంలో అలలు చిన్నగా ఉంటాయి. అక్కడి ఆటగాళ్ళు ‘అలలే లేవు’ అని విసుక్కునే ఆ వారాల్లో పోవాలి. కాయ కోతకొచ్చేసరికి మీరు ఒక మెట్టు ఎక్కి ఉంటారు, అలలూ పెరిగి ఉంటాయి.

బయల్దేరే ముందు ఆకాశం చూడొద్దు, హైదరాబాదు చూడండి. దేశం మొత్తానికి సముద్రపు కబురు చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ అక్కడి ప్రగతినగర్‌లో ఉంది. 1999 నుంచీ పనిచేస్తోంది. ఏ తీరంలో అల ఎంత ఎత్తు, పొంగు ఏ దిక్కు నుంచి, అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లు అన్నది ముందే చెబుతుంది. అందరూ ఎత్తు చూసి ఊరుకుంటారు. మీరు సెకన్లు చూడండి. మీటరు ఎత్తు, ఆరు సెకన్ల అల అక్కడి గాలికి లేచిన చిరాకు అల. అదే మీటరు ఎత్తు పద్నాలుగు సెకన్లతో వస్తే, వేల కిలోమీటర్ల అవతల పుట్టి బలమంతా మోసుకొచ్చిన పొంగు. ఒడ్డుకు చేరేసరికి ఎత్తు కూడా పెరుగుతుంది. అలాంటి పొంగు ఎండ కాస్తున్నా, గాలి లేకున్నా వస్తుంది. కేరళ జాలర్లు దాన్ని కల్లక్కడల్ అంటారు. నా లెక్కలో మొదటిసారి పోయేవాళ్ళకు అర మీటరు, తక్కువ సెకన్లు చాలు. హెచ్చరిక ఉంటే టికెట్టు రద్దు చేసుకోండి, ఆ డబ్బు కోసం బాధపడొద్దు.

సగం చదువు ఇంట్లోనే అయిపోవాలి. అమెరికాలో సర్ఫర్ కెల్లీ స్లేటర్ 2015 చివర్లో లోకానికి చూపించిన అలల కొలను సముద్రానికి వంద కిలోమీటర్లకు పైగా లోపల, పొలాల మధ్య ఉంది. నీళ్ళు దూరమైనంత మాత్రాన ఆట దూరం కాదు. మనకు కొలను లేదు, బేతంచర్ల బండలు పరిచిన వరండా ఉంది. సుద్దముక్కతో తొమ్మిది అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బోర్డు గీయండి. దాని మధ్య బోర్లా పడుకుని, అరచేతులు పక్కటెముకల దగ్గర ఆనించి, ఒక్క ఊపులో లేచి నిలబడండి. మోకాలు మోపకూడదు. రెండు పాదాలూ నడి గీత మీద పడాలి, చూపు ఎదురుగోడ మీద ఉండాలి. పాదాలు చూసుకున్నవాడు నీళ్ళలో ముందుకు బోర్లా పడతాడు. అది బండల మీదే తెలిసిపోతుంది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ‘నాకు ఈత బాగా వచ్చు’ అనే మాట. మన దగ్గర ఈతంటే బావి ఈత. నడుముకు సొరబుర్రో ప్లాస్టిక్ క్యానో కట్టి, పెద్దవాళ్ళు పైనుంచి తోస్తే వచ్చిన విద్య. బావి నీళ్ళు కదలవు. ఆయాసం వస్తే రెండు బారల్లో గట్టు, గట్టుకు మెట్లు. దాంతో ఒంట్లో ఒకే పాఠం నాటుకుపోతుంది: భయం వేస్తే గట్టుకేసి ఈదు. సముద్రంలో ఆ పాఠమే మనిషిని ముంచుతుంది.

అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్ళు తిరిగి లోపలికి పోవాలి కదా. అవి ఇసుక తిన్నెల మధ్య లోతైన సందు చూసుకుని పోతాయి. ఒడ్డున నిలబడి చూస్తే అటూ ఇటూ అలలు విరిగి తెల్లగా ఉంటాయి, నడుమ ఒక పట్టీ ముదురు రంగులో నున్నగా, అలలే లేనట్టు ఉంటుంది. నురగ ఆ పట్టీ వెంట లోపలికి పోతుంటుంది. పిల్లల్ని తీసుకొచ్చిన తండ్రి సరిగ్గా ఆ నెమ్మదైన చోటే ఏరుకుంటాడు. అదే ప్రవాహం దారి. అందులో ఒడ్డుకేసి ఎంత ఈదినా ఉన్నచోటే ఉంటాం, తర్వాత అలసిపోతాం. చేయాల్సింది ఏమిటంటే, ఒడ్డు కనబడుతున్నా దాన్ని వదిలేసి, తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరగడం. తెల్ల నురగ ఉన్న చోటికి చేరితే ఆ అలలే బయటికి నెడతాయి. బోర్డు ఉంటే దాన్ని వదలొద్దు. ఈదే ఓపిక లేకపోతే తేలుతూ చేయెత్తి పిలవాలి. పారే కాలువలో ఈదినవాళ్ళకు ఈ ఒడుపు కొంత తెలుసు, వాళ్ళు ఎదురీదరు, ప్రవాహంతో పోతూ పక్కకు జరుగుతారు. అలాగని మన వైపు ఎస్సార్బీసీ కాలువలో దిగి అలవాటు చేసుకోమనడం లేదు. దాని లైనింగు మీద కాలు నిలవదు.

బోర్డు ఎంత పెద్దదైతే అంత మంచిది, పైన మెత్తటి నురుగు పొర ఉన్నది అడగండి. చిన్న బోర్డు అడిగితే వయసు కనబడుతుంది, తెలివి కనబడదు. దిగేది తెల్లవారగానే. ఎండ ఎక్కితే సముద్రపు గాలి లేచి నీళ్ళు చెదిరిపోతాయి.

నిలబడటం వచ్చి, అల విరగక ముందే అందుకోవడం నేర్చుకునేవాళ్ళు ఊరూరూ తిరగొద్దు. ఒకే తీరం పట్టుకోండి. ఇసుక తిన్నెలు కదులుతుంటాయి, నిన్నటి సందు రేపు ఇంకోచోట ఉంటుంది. అది గమనించడమే ఈ మెట్టులో చదువు. దిగే ముందు అక్కడి జాలర్లను ‘అలలెక్కడ బాగుంటాయి’ అని అడగొద్దు, ‘మీ పిల్లల్ని ఎక్కడ దిగనివ్వరు’ అని అడగండి. వేలెత్తి చూపిస్తారు.

పైమెట్టు వాళ్ళకు కోవళం పాయింటు ఉంది, మహాబలిపురంలో తీరాలయం పక్క రాతి కొన ఉంది, తూత్తుకుడి దిగువన మనపాడు ఉంది. రాతి కొన చుట్టూ తిరిగే అల ఒకే చోట మొదలై ఒకే వైపు పొడుగ్గా విరుగుతుంది. అందుకే ఈ చోట్లకు పేరు, అందుకే ఒకే చోట జనం. అల విరగడం మొదలయ్యే చోటికి ఎవరు దగ్గరుంటే అల వాళ్ళది, అడ్డం పోకూడదు. మొదటి రోజు బోర్డు బస్సులోంచి దించకండి. ఆటు సమయంలో పోయి, నీళ్ళు తగ్గినప్పుడు బయటపడే రాళ్ళు ఎక్కడెక్కడున్నాయో ఒడ్డున ఒక చెట్టునో స్తంభాన్నో గుర్తు పెట్టుకుని చూడండి. పోటు మీద అవే రాళ్ళు నీళ్ళ కింద ఉంటాయి. లోపలికి ఏ దారిన పోతున్నారు, ఎక్కడ బయటికొస్తున్నారు అన్నది అక్కడి ఆటగాళ్ళ వెనక నడిచి తెలుసుకోండి. రెండో రోజు వరసలో అందరికన్నా చివర కూర్చోండి.