సెకండ్ హ్యాండ్ మాట

"ఫిక్స్‌డ్ రేటు. బేరాల్లేవు. ముందొచ్చినవారికే."

పాత ఫ్రిజ్ ఫొటో కింద ఈ మూడు ముక్కలు చదివితే, హరిశ్చంద్రుడి వారసులెవరో కొండాపూర్‌లో ఫ్లాట్ కొనుక్కున్నారేమో అనిపిస్తుంది. కదిలించి చూడండి. రేటు ఫిక్స్ కాదు. బేరం ఆగదు. ముందొచ్చినవాడికి మిగిలేది ట్రాలీ ఆటో కిరాయి.

ఎలాగంటారా? ఎల్బీనగర్‌లో అద్దెకుంటున్న కుర్రాడు చాటింగ్‌లో అడిగాడు: "ఎనిమిది వేలకి ఓకేనా సర్?" సారు "ఓకే, వచ్చి తీసుకెళ్లు" అన్నారు. లొకేషన్ కూడా పంపారు. కుర్రాడు ట్రాలీ మాట్లాడుకున్నాడు. తాళ్లు తెచ్చుకున్నాడు. ఎండలో నగరం ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చాడు. గేటు దగ్గర సెక్యూరిటీ ఫోన్ చేస్తే సారు ఎత్తలేదు. రెండోసారి ఎత్తారు. "సారీ బ్రో, పక్క బ్లాక్ వాళ్లు ఎనిమిదిన్నర ఇచ్చి పట్టుకెళ్లారు."

ఐదొందలు! ఇచ్చిన మాట ఐదొందలకి తెగింది. ఈ సారే అపార్ట్‌మెంట్ గ్రూపులో "ఐదొందలకి ఓటు అమ్ముకునే జనం" అని పేరాలకు పేరాలు బాధపడుతుంటారు. ట్రాలీవాడు మాత్రం రానూపోనూ కిరాయి వసూలు చేసుకున్నాడు. అతను "సారీ బ్రో"లు పుచ్చుకోడు మరి.

పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టి బేరం తెంచుకున్నాక, బయానా చేతిలో పడ్డాక, ఇంకెవడో వెయ్యి ఎక్కువిస్తానంటే ఎద్దు పలుపు చేతులు మారదు. మారిస్తే వచ్చే వారం సంతలో మొహం చెల్లదు. ఆన్‌లైన్‌లో ఆ బెంగ దేనికి? ప్రొఫైల్ ఫొటోలో సూర్యాస్తమయమే తప్ప మొహమే లేదు కదా!

ఇంకో రకం ఉన్నారు. "ఇందాకే ఒకాయన పదివేలు అన్నారండీ!" ఎవరా ఒకాయన? ఊరూ పేరూ ఉండదు. ఆయన పాట మాత్రం ఎప్పుడూ మనకంటే వెయ్యి ఎక్కువే. అంత ఇచ్చే మహానుభావుడు చేతిలో ఉంటే మనతో ఈ సోదేంటి? వేలంలో అమ్మేవాడు దొంగ పాటగాణ్ని దింపి రేటు పెంచితే, కొన్నవాడు ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ చెబుతోంది. అంటే తెల్లదొరల కాలానికే పాతబడిన వేషం ఇది. "ఇది వేలంపాట కాదుగా" అంటారా? సరే. వేలం కానప్పుడు పాటలు పాడిస్తున్నారెందుకు?

ఎక్కువిచ్చినవాడికే అమ్ముకోండి. వస్తువు మీది, కాదన్నదెవరు? ఆ ముక్క ముందే రాసి ఏడవండి: "ఆదివారం సాయంత్రం దాకా చూస్తా, ఎక్కువ చెప్పినవారికి ఇస్తా" అని. ఒకరికి ఓకే అన్నాక రెండోవాడికి చెప్పాల్సింది ఒక్కటే: "ఒకరికి మాటిచ్చాను. ఆరింటికల్లా రాకపోతే మీకే." గంటలకొద్దీ రీల్స్ తోసే వేలికి ఈ రెండు వాక్యాలు కొట్టే ఓపిక లేదా?

కొనేవాళ్లు తక్కువ తిన్నారా? "ఉందా?" అని బటన్ నొక్కి మాయమయ్యే బాపతు ఒకటి. ఎనిమిది వేలకి ఒప్పుకుని, మిగతావాళ్లందరికీ "అయిపోయింది" అనిపించి, ఇంటికొచ్చి, ఫ్రిజ్ తలుపు మూడుసార్లు తీసి మూసి, "ఆరు వేలే తెచ్చానన్నా" అనే ఘనుల బాపతు ఇంకొకటి. ఫోన్‌పే చేతిలో పెట్టుకుని "తెచ్చాను" ఏంటయ్యా? కొంగున మూటకట్టుకొచ్చావా?

వీళ్లంతా చిల్లరగాళ్లు. అసలు విద్య పాత ఫోన్లు కొనే కంపెనీలది. యాప్‌లో "22 వేల వరకు!" అని ఊరిస్తారు. అది నమ్మి, మనల్ని అడిగినవాళ్లందరినీ పంపించేస్తాం. అప్పుడొస్తాడు కంపెనీ కుర్రాడు. మూలన గీత, రెండు వేలు కట్. బ్యాటరీ వీకు, మూడు వేలు కట్. బాక్స్ లేదు, ఇంకో కట్. "సిస్టమ్ అంతే చూపిస్తోంది సర్, నా చేతిలో ఏం లేదు." ఉంది నాయనా, మా ఫోనుంది! ఇక ప్రకటన పైకి కనబడాలంటే డబ్బు గుంజే సైట్లు, బేరంలో మోసం జరిగితే "మేం మధ్యవర్తులం మాత్రమే" అని చేతులు దులుపుకుంటాయి.

ఈ సంతలో ఒక్కడే పెద్దమనిషి. పైసా బేరమాడడు. అడిగినంతా ఇస్తానంటాడు. తాను ఆర్మీ ఆఫీసర్‌నంటాడు. ఆ పూర్తి రేటు చూసి మన సారు, పొద్దున మాటిచ్చినవాణ్ని టక్కున బ్లాక్ చేస్తారు. "డబ్బు పడాలంటే ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి సర్." కొడతారు. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదని ఎన్‌పీసీఐ ఏళ్లుగా మొత్తుకుంటున్నా కొడతారు. ఖాతా ఖాళీ అయ్యాక సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. (ఆ చట్టం ఏడాదీ ఈ నంబరూ ఒకటే కావడం కాకతాళీయం లెండి.) లైన్ కలవగానే సారు గగ్గోలు:

"మాటిచ్చి మోసం చేశాడండీ!"