పదకొండో నంబరు బాబాయ్

విశాఖ పూర్ణా మార్కెట్లో తెల్లారగట్ల తిరిగేవాళ్లలో ఏమీ కొనని మనిషి ఒకాయన ఉంటారు. చేతిలో గుడ్డసంచి ఉంటుంది గానీ అందులో పడేది మహా అయితే కరివేపాకు రెబ్బ, అదీ ఊరికే ఇచ్చింది. అరవై దాటిన వయసు, పోర్టులోనో షిప్‌యార్డులోనో చేసి రిటైరైన నడక, చొక్కా జేబులో రెండు పెన్నులు, వాటి వెనక నాలుగు మడతల ఇంటిపన్ను రసీదు. లారీలోంచి క్యాబేజీ బస్తాలు దింపుతున్న కళాసీలకి అడ్డంగా నిలబడి తలెత్తి చూస్తారు. మిగతా జనానికి అక్కడ ఆకాశం కనబడుతుంది. ఈయనకి మాత్రం కొట్ల మీద కట్టిన బరకాలకి జానెడు ఎత్తున వేలాడుతున్న కరెంటు తీగ కనబడుతుంది. "ఎప్పుడో ఒకనాడు ఇది కొంప ముంచుతుంది" అని అక్కడ ప్రకటిస్తారు. టీ కొట్టు చేరేసరికి "ఎప్పుడో ఒకనాడు" కాస్తా "ఈ వేసవిలోనే" అవుతుంది. పూల వరస దాకా వెళ్లేసరికి ముహూర్తం ఎల్లుండికి దిగుతుంది. ఈయన ఒక్కరే అనుకోవద్దు. టౌన్ కొత్తరోడ్డుకి ఒకరు, కురుపాం మార్కెట్‌కి ఒకరు, బురుజుపేటకి ఒకరు ఉన్నారు. కొట్లవాళ్లకి అందరూ బాబాయే.

కుళాయి రాని రోజు, కరెంటు తీసే వేళ, కనకమహాలక్ష్మి అమ్మవారి మార్గశిర గురువారాలకి బళ్లని ఏ సందులోంచి మళ్లిస్తారన్నది, వాయుగుండం ఎక్కడిదాకా వచ్చిందన్నది బాబాయ్‌కి తెలిసి తీరాలి. తెలిసింది చెప్పకపోతే ఆ పూట అన్నం సయించదు. ఇది జబ్బని ఇంట్లోవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. నవ్వుకోదగ్గ మనిషే, కాదనను. అయితే ఆయనలో మనం నవ్వుకునే గుణాలే ఊరికి ఆపద వచ్చిన రోజున పనికొస్తాయని నా వాదన. చెప్పిందే చెప్పడం, పరాయి ఇంటి సంగతులు ఆరా తీయడం, గోరంతలు కొండంతలు చెయ్యడం. ఈ మూడూ తీసేస్తే మిగిలేది పత్రికా ప్రకటన. అది ఎలా ఉంటుందో తెలిసిందే: అత్యవసర మరమ్మతుల దృష్ట్యా ఫలానా రిజర్వాయరు పరిధిలోని ఫలానా వార్డులకు నీటి సరఫరా పాక్షికంగా నిలిపివేయబడును, ప్రజలు సహకరించగలరు. మనది ఏ రిజర్వాయరు? రైవాడ నీళ్లు తాగుతున్నామో, తాటిపూడివో, మేఘాద్రిగెడ్డవో కుళాయి చెప్పదు కదా. మనది ఏ వార్డు? నగరాన్ని 98 వార్డులు చేశాక తన వార్డు నంబరు తడుముకోకుండా చెప్పగలిగేవాళ్లు ఇద్దరే: అక్కడ పోటీ చేసి ఓడిపోయినవారు, బాబాయ్. ఇక పాక్షికమంటే ఎంతో ఆ దేవుడికే తెలియాలి. అదే సంగతి ఆయన నోట ఇలా వస్తుంది: "రేపు కుళాయి రాదు. ఇవాళే బిందెలు పట్టేసుకోండి. ఏమ్మా, మీ మేడ మీద పెద్దామె ఒక్కర్తే ఉంటాది కదా, చెప్పావా? చెప్పలేదూ? నాకు తెల్సు." ఆ చివరి ముక్క అడగడానికి నగరపాలక సంస్థ జీవీఎంసీ ఎంత జీతమిచ్చినా మనిషి దొరకడు.

ఇదంతా నీళ్ల బిందెల వ్యవహారమని తీసిపారెయ్యడానికి లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చిన విషయాల్లో ఒకటి ఇది: సైరన్ మోగించడానికి ఆ ఫ్యాక్టరీలో 36 చోట్ల మీటలున్నాయి, సైరన్ మాత్రం మోగలేదు. నిద్రలో ఉన్నవాళ్లని లేపినవి తలుపు మీద పడ్డ దెబ్బలూ, పేరు పెట్టి వేసిన కేకలూను. పేరు పెట్టి కేక వెయ్యాలంటే ముందు పేరు తెలిసి ఉండాలి. ఏ ఇంట్లో ఎందరున్నారు, మంచం దిగలేనివాళ్లెవరు, చెవులు వినబడనివాళ్లెవరు అన్న పట్టీ ఏ ఆఫీసు బీరువాలోనూ ఉండదు. ఇరుగుపొరుగుల విషయాల్లో వేలు పెట్టే మనిషి బుర్రలో ఉంటుంది. హెచ్చరికల మీద దశాబ్దాల పాటు పరిశోధించిన డెనిస్ మిలెటి వంటి అమెరికన్ సమాజశాస్త్రజ్ఞులు కూడా ఈ మాటే ఇంకో దారిలో చెప్పారు. హెచ్చరిక విన్న మనిషి వెంటనే కదలడట, ముందు ఇంకొకర్ని అడుగుతాడట. ఒకే మాట నాలుగు వైపుల నుంచి నాలుగుసార్లు చెవిన పడితేనే నమ్ముతాడు, ఏం చెయ్యాలో విడమరిచి చెబితేనే లేస్తాడు. దీనికి అమెరికా దాకా ఎందుకు? టమాటా ధరే నాలుగు కొట్ల దగ్గర అడిగితే గానీ నమ్మని జనం, ప్రాణం మీదికొచ్చే సంగతి ఒక్క మెసేజీ చూసి నమ్ముతారా? చెప్పిందే చెబుతున్నాడని బాబాయ్‌ని విసుక్కుంటాం గానీ, ఆ మిగతా మూడుసార్లూ ఆయన ఒక్కరే చెబుతున్నారు.

వాతావరణ శాఖని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 2014లో హుద్‌హుద్ విశాఖ దాపున తీరం దాటుతుందని వాళ్లు రోజుల ముందే లెక్కకట్టి చెప్పారు. చెప్పినట్టే అక్టోబరు 12 ఆదివారం మధ్యాహ్నానికి వచ్చింది, గంటకి 170, 180 కిలోమీటర్ల గాలితో. తుపానుకి ముందు కబురుకి లోటు రాలేదు, తర్వాతే కబురు కరువైంది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, టీవీ లేదు, చెట్టనేది నిలబడి లేదు. పాలపాకెట్లు ఎక్కడ ఇస్తున్నారు, ట్యాంకరు ఏ వీధికి వస్తుంది, ఏ బంకులో పెట్రోలు పోస్తున్నారు, ఏ రోడ్డు మీద చెట్లు తీసేశారు? ఊరంతా ఇవే ప్రశ్నలు, జవాబు చెప్పే యంత్రం ఒక్కటీ పనిచెయ్యలేదు. పోర్టుల్లో ఎగరేసే తుపాను సూచికలు 11 ఉన్నాయి. మూడో నంబరు ఎగరేశారని ఏటా పేపర్లో చూస్తూనే ఉంటాం. పదో నంబరంటే మహా ప్రమాదం. మరి పదకొండంటే? పదిని మించిన తుపాను కాదు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక మీ తెలివే మీకు దిక్కు అని దాని భావం. సర్కారు తన చేతకానితనానికి ముందే ఒక నంబరు కేటాయించి పెట్టుకోవడం నాకు భలే నచ్చుతుంది. ఆ నంబరు ఎగిరాక డ్యూటీకి వచ్చే ఉద్యోగి బాబాయ్. పాత సైకిలెక్కి జగదాంబ దాకా వెళ్లి, కేజీహెచ్ మీదుగా తిరిగొచ్చి, చూసింది ఒక వంతు, విన్నది రెండు వంతులు కలిపి వరసగా చెప్పుకుంటూ పోయే మనిషి ఆ నాలుగు రోజులూ వీధికి రేడియో స్టేషన్.

ఇంత పెత్తనం ఆయనకి ఎలా దొరికింది? కుర్చీ ఖాళీగా ఉంది గనుక. జీవీఎంసీ పాలకవర్గం 2007లో ఎన్నికై 2012లో గడువు తీరి దిగిపోయింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. మధ్యలో తొమ్మిదేళ్లు వీధి దీపం వెలగడం లేదని చెప్పుకోవడానికి కార్పొరేటరు అనే ప్రాణి లేదు. మూడు లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండి తీరాలని 1992లోనే 74వ రాజ్యాంగ సవరణ చెప్పింది. పూర్ణా మార్కెట్లో ఎవరినైనా ఆపి మీ వార్డు కమిటీ ఎక్కడని అడిగితే, కాసేపు ఆలోచించి టీ కొట్టు వైపు చూపిస్తారు. కాలువ పూడిక మీద అర్జీ, దాని నకలు, నకలు అందినట్టు రసీదు, రసీదు నకలు, ఇవన్నీ బాబాయ్ దగ్గర ఉన్నాయి. కాలువ మాత్రం అలాగే ఉంది. 2019లో వార్డు సచివాలయాలు వచ్చాయి, వాలంటీర్లు ఇంటింటికీ తిరిగారు. పాపం బాబాయ్ పని అయిపోయిందని జాలిపడినవాళ్లు తొందరపడ్డారు. ఏ తలుపు కొడితే ఎవరు పలుకుతారో ఆ కుర్రాళ్లకి చెప్పాల్సిన మనిషి ఒకడు ఉండాలి కదా. 2024లో వాలంటీర్లు కనబడకుండా పోయారు. బాబాయ్ కనబడుతూనే ఉన్నారు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, అది చిన్నది కాదు. నిజం వచ్చే దారినే పుకారూ వస్తుంది. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని మెసేజీలు రెండు తెలుగు రాష్ట్రాలూ చుట్టేశాయి. జనం దారిన పోయేవాళ్లని పట్టుకుని కొట్టారు, హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణం పోయింది. 2020లో గ్యాస్ లీకైన మే 7 రాత్రే ఇంకోసారి లీకైందన్న మాట పుట్టి, ముప్పు లేని పేటల్లో జనం కూడా పిల్లల్ని ఎత్తుకుని రోడ్లెక్కారు. ఇదంతా బాబాయ్ జాతి పని కాదా? కొంతవరకు అవును. కొత్త మొహాల విషయంలో ఆయన్ని నేను అసలు వెనకేసుకు రాను. ఒడిశా నుంచో బీహారు నుంచో పనికొచ్చి అద్దెకి దిగిన కుర్రాణ్ణి చూస్తే చాలు, ఆయనలోని పౌరుడు పడుకుంటాడు, పోలీసు లేస్తాడు. కానీ తీగలు, గ్యాసు, నీళ్లు, తుపాన్ల విషయంలో ఆయనకీ ఫోన్లో తిరిగే పుకారుకీ ఒక తేడా ఉంది. చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడినది అన్న మెసేజీకి వెనక మనిషి ఉండడు. బాబాయ్ మర్నాడు పొద్దున మళ్లీ అదే వరసలోంచి నడవాలి. కరివేపాకు అమ్మే ఆవిడ ఆయన్ని వదలదు. "ఏటి బాబాయ్, ఎల్లుండి తీగ తెగిపోతాదన్నావు, తెగలేదేటి?" అని నలుగురూ వినేలా నిలదీస్తుంది. ఆ ఒక్క ప్రశ్నకి భయపడే ఆయన గోరంతని కొండంత చేస్తారు గానీ లేని గోరుని పుట్టించరు. కొండంత చేసినా నష్టం లేదు. చెప్పిన ధరలో సగానికి బేరం మొదలెట్టే చోట, ఎంత తగ్గించుకుని వినాలో జనానికి తెలుసు.

చదువుకున్నవాళ్లు ఇంకో మాట అంటారు: ఇప్పుడు ప్రతి జేబులోనూ ఫోనుంది, ఇంకా ఈ టముకు వేసేవాడెందుకు? 2023లో కేంద్రం కొత్త హెచ్చరికల పద్ధతిని పరీక్షించినప్పుడు ఫోన్లు చెవులు చిల్లులు పడేలా మోగాయి. ఇది పరీక్ష మాత్రమే, మీరేమీ చెయ్యనక్కర్లేదని తెర మీద రాసే ఉంది. మంచి పద్ధతే, ఉండాల్సిందే. కానీ మార్కెట్లో అలాంటి మోత మోగితే జరిగేది ఒక్కటే. అందరూ ఫోను చూసి, తలెత్తి, బాబాయ్ ఎక్కడున్నారా అని వెతుకుతారు. 1995 జులైలో అమెరికాలోని షికాగోలో వడగాడ్పులకి 700 మందికి పైగా చనిపోయారు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సమాజశాస్త్రజ్ఞుడు పక్కపక్కనే ఉన్న రెండు పేదపేటల్ని పోల్చి చూశాడు. ఎండ ఒకటే, హెచ్చరికా ఒకటే. కొట్లతో, బేరాలతో, జనంతో వీధులు కిటకిటలాడే లిటిల్ విలేజ్‌లో చావులు తక్కువ. కొట్లు మూతపడి వీధులు బోసిపోయిన నార్త్ లాండేల్‌లో ముసలివాళ్లు భయానికి తలుపులేసుకుని ఒంటరిగా పోయారు. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకి వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎండలు మండుతాయన్న కబురు టీవీల్లో వస్తూనే ఉంది. "ఆ మేడ మీది పెద్దామె రెండ్రోజులుగా పూలకి దిగలేదేటి?" అని అనుమానించడం టీవీకి రాదు. రోజూ అదే వేళకి అదే వరసలో నిలబడేవాళ్లకే వస్తుంది.

బాబాయ్‌లో నాకు కనబడే అసలు లోపం పుకారు కాదు. ముప్పు వస్తోందని చెప్పడమే ఆయనకి తెలుసు, పోయిందని చెప్పడం తెలియదు. కుళాయి మళ్లీ వచ్చిందన్న కబురు ఆయన నోట ఎవరూ విని ఉండరు. వాయుగుండం ఒడిశా వైపు మళ్లిందని తెలిసిన రోజున ఆయన ముఖం, ఇంటికొస్తానన్న చుట్టం రానన్నట్టు ఉంటుంది. దీనికి మందు ఆయన మెడలో ఒక గుర్తింపు కార్డు వేసి శిక్షణ ఇప్పించడమే అనేవాళ్లున్నారు. ఆ పని మాత్రం చెయ్యకండి. కార్డు పడిన మర్నాటి నుంచి ఆయన పై అధికారుల ఆదేశాల కోసం ఎదురుచూస్తారు. తీగ సంగతి అడిగితే అది కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ వారి పరిధి అంటారు. జీవీఎంసీ చెయ్యగలిగింది ఇంకా చవకైనది ఉంది. ప్రకటన పేపర్లకి పంపేముందు, ఏ వీధికి ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు అన్న ఒక్క ముక్క బాబాయ్‌కి ఫోన్‌లో చెప్పడం. పని పూర్తయ్యాక ఇంకో ఫోను. ఆ రెండోది మాత్రం ఆయనకి కాదు, కరివేపాకు ఆవిడకి చెయ్యాలి. బాబాయ్ చెప్పిందానికి ఎదురు చెప్పే అవకాశం దొరికితే ఆవిడ పది నిమిషాల్లో మార్కెట్ మొత్తం చాటేస్తుంది.