మ్యూజియం మొత్తం చూడకండి

వేసవి సెలవుల్లో హైదరాబాద్ వెళ్తే పిల్లలకు బిర్లా సైన్స్ మ్యూజియం చూపించాలని మన నాతవరంలోనూ నర్సీపట్నంలోనూ చాలామంది అనుకుంటారు. తప్పకుండా చూపించండి. కానీ చూసొచ్చినవాళ్ళు ఇచ్చే సలహాలు మాత్రం పాటించకండి. పొద్దున్నే వెళ్ళమంటారు, ఒక్క గది కూడా వదలొద్దంటారు, ప్రతి బోర్డూ పిల్లల చేత చదివించమంటారు. నేను చెప్పేది పూర్తిగా దీనికి ఎదురు. టికెట్ డబ్బులు దండగని ఇంట్లో పెద్దలు గొణిగినా సరే, ఒక్కటంటే ఒక్కటే చూసి వచ్చేయండి.

ఆ ఒక్కటీ ఏమిటంటే కోటాసారస్ అనే డైనోసార్. నౌబత్ పహాడ్ మీద 1985లో ఎన్టీ రామారావు గారు ప్లానెటోరియం ప్రారంభించారు. అక్కడే 1990లో మ్యూజియం, 2000లో డైనోసారియం వచ్చాయి. ఆ డైనోసారియంలో నిలబెట్టిన అస్థిపంజరం పొడవు 44 అడుగులు, ఎత్తు 16 అడుగులు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, 1970ల్లో, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వాళ్ళు దీన్ని తవ్వి తీశారు. పి. యాదగిరి అనే శాస్త్రవేత్త 1988లో దీనికి పేరు పెట్టి లోకానికి వివరించారు. లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఉన్న డైనోసార్‌ను సినిమాలో చూసి ముచ్చటపడే పిల్లలకు, గోదావరి లోయలో తిరిగిన జంతువు మన దగ్గరే ఉందని తెలియకపోవడం నాకు నిజంగా బాధ. దీని తోటిదే ఇంకోటి, బరపాసారస్, ఆ ప్రాణహిత–గోదావరి లోయదే. రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు పెట్టుకుని కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబడి ఉంది.

హైదరాబాద్ బయల్దేరే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మీ ఊరి కొండ దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళి రాళ్ళు ఏరించండి. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్ రాయి. పగలగొట్టి చూస్తే చాలాచోట్ల ఎర్రటి గార్నెట్ గింజలు మెరుస్తాయి. ఒకప్పటి మట్టి, బురద భూమి లోపలికి కూరుకుపోయి, సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట అక్కడి వేడికీ ఒత్తిడికీ ఇలా మారాయి. కోటాసారస్ వయసు పదహారు కోట్ల ఏళ్ల పైమాట. అంటే మ్యూజియంలో పెట్టి చూపించేదానికంటే మీ పెరటి రాయి అయిదు రెట్లకు పైగా ముసలిది. ఇది తెలిసిన పిల్ల మ్యూజియంలో అడుగు పెట్టగానే, “మరి మన కొండలో డైనోసార్ ఎందుకు దొరకలేదు?” అంటుంది. ఆ రాయి తయారైనప్పటికి భూమ్మీద ఎముకలున్న జీవి ఒక్కటీ లేదు. ఈ సంగతి మీరు చెప్పేయకండి. రెండు రోజులు ఆలోచించనివ్వండి.

వెంట ఎవరిని తీసుకెళ్ళాలి? గైడు వద్దు. ఇంట్లో పశువుల్ని కాసిన తాతయ్యో నాయనమ్మో ఉంటే వాళ్ళని తీసుకెళ్ళండి. “మాకెందుకర్రా ఇవన్నీ” అంటారు, వినకండి. చచ్చిన గొడ్డు ఎముకలు పొలం గట్టు మీద చూసినవాళ్ళకు తొడ ఎముక ఏది, రెక్క ఎముక ఏది, పక్కటెముక ఏది అని ఎవరూ చెప్పక్కర్లేదు. అంత పెద్ద శరీరాన్ని మోయడానికి కాళ్ళు కింద నిట్టనిలువుగా ఎలా ఉన్నాయో వాళ్ళు చూసినట్టు బోర్డు చదివినవాడు చూడడు. మెడ దగ్గర పిల్లల్ని ఆపి పూసలు లెక్కపెట్టమనండి. ఆవుకైనా జిరాఫీకైనా మనిషికైనా మెడలో ఏడే పూసలు. కోటాసారస్ దగ్గర ఆ లెక్క ఏడు దాటిపోతుంది. ఎందుకు దాటిందో తాతా మనవరాలూ తేల్చుకుంటారు.

తలకేసి మాత్రం ఎక్కువసేపు చూడకండి. అందరూ అక్కడే నిలబడి ఫొటోలు దిగుతారు. నిజానికి యామన్‌పల్లి తవ్వకంలో తల దొరకలేదు. కనీసం పన్నెండు జంతువులవి, ఎనిమిది వందలకు పైగా ఎముకలు దొరికాయి, పళ్ళు రెండు మాత్రం దొరికాయి, పుర్రె లేదు. ఇప్పుడు కనిపించే తల మనుషులు ఊహించి పెట్టినది. నాకైతే మ్యూజియంలో అన్నిటికంటే విలువైన పాఠం ఇదే. శాస్త్రవేత్తలకు ఎక్కడిదాకా తెలుసో, ఎక్కణ్ణుంచి ఊహో, ఆ మెడ చివర వేలు పెట్టి చూపించొచ్చు. ఫోన్ సంచిలో పెట్టేసి పిల్లల చేతికి పెన్సిలూ కాగితమూ ఇవ్వండి. తల తమకు తోచినట్టు గీయమనండి. మొక్కలూ ఆకులూ తినే జంతువుకు నోరు ఎలా ఉండాలో వాదించుకోనివ్వండి.

బోర్డులు ఆఖర్న చదవండి. ముందే చదివిస్తే పిల్లలు బోర్డులో ఉన్నదే చూస్తారు, లేనిది చూడరు.

మీటలు నొక్కే బొమ్మల గదులు బాగుంటాయి, అవి ఇంకోసారి వెళ్ళినప్పటికి ఉంచండి. ప్లానెటోరియం కూడా అంతే. అమావాస్య రాత్రి నాతవరంలో డాబా ఎక్కితే కనిపించే చుక్కలు హైదరాబాద్ వాళ్ళకు కనిపించవు. ముందు అవి చూపించండి. ఆ తర్వాత ప్లానెటోరియంలో చెప్పేది పిల్లలకు తలకెక్కుతుంది.

బయటికి వచ్చాక “ఏం నేర్చుకున్నావ్?” అని అడగొద్దు. ఆ ప్రశ్నకు పిల్లలు భయపడి బోర్డు మీది మాటలు వల్లిస్తారు. “దానికి తోక లేకపోతే ఏమయ్యేది?” అని అడిగి చూడండి, తిరుగు రైల్లో తుని స్టేషన్ వచ్చేదాకా మాట్లాడుతూనే ఉంటారు.

బడులవాళ్ళకు నా విన్నపం ఒకటుంది. విహారయాత్ర పేరుతో ఒకే రోజు చార్మినార్, సాలార్‌జంగ్, జూపార్కు, బిర్లా మ్యూజియం తిప్పి, పిల్లల్ని వరసలో నిలబెట్టి లెక్కపెట్టుకుంటూ పరిగెత్తించకండి. ఈసారి మూడు చోట్లు కొట్టేసి, ఆ సమయమంతా కోటాసారస్ ముందు కూర్చోబెట్టండి.