చుట్టింది చాలు, ఇక కట్టండి

హైదరాబాదు నుంచి బెంగళూరుకో పుణెకో ఉద్యోగం మారితే సామాన్లతోపాటు బండిని కూడా పంపించాలి. ఆ పని చేసిపెట్టే ప్యాకర్స్ అండ్ మూవర్స్ ప్రకటనల్లో రెండు మాటలు తప్పకుండా కనిపిస్తాయి: మూడు పొరల ప్యాకింగ్, క్లోజ్డ్ కంటైనర్. ఈ రెండూ ఉంటే బండి నూరు శాతం భద్రమట. చెప్పినట్టే కుర్రాళ్ళు వస్తారు. ముందు స్పాంజి షీటు, దానిమీద బబుల్ రాప్, దానిమీద అట్ట, చివర్న చుట్టూ టేపు. అద్దాలకు వేరే ముసుగు, హెడ్‌లైటుకు వేరే ముసుగు. యజమాని ఫోన్లో వీడియో తీసుకుని, ఇంత శ్రద్ధగా చేస్తున్నారే అని మురిసిపోతాడు. ఆ తర్వాత బండిని లారీలోకి ఎత్తి, డబుల్ స్టాండ్ వేసి, హ్యాండిల్‌కు ఒక ప్లాస్టిక్ తాడు, వెనక క్యారియర్‌కు ఇంకో తాడు ముడివేసి తలుపు మూసేస్తారు. చుట్టడానికి అరగంట, కట్టడానికి మూడు నిమిషాలు. గొడవంతా ఆ మూడు నిమిషాలతోనే.

చుట్టడాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. పక్కనున్న బీరువా అంచు ట్యాంకుకు రాసుకుంటే రంగు పోకుండా ఆ గాలి బుడగల పొర కాపాడుతుంది. దాని ఉద్యోగం అంతవరకే. రోడ్డుకు గేదె అడ్డొచ్చి డ్రైవరు బ్రేకు తొక్కినప్పుడు బండి ముందుకు దూకకుండా ఆపడం దాని శాఖ కాదు. ఆ దూకుడు ఎంతుంటుందో లెక్కగట్టినవాళ్ళు ఉన్నారు. అమెరికా సమాఖ్య నిబంధనల ప్రకారం, లారీలో కట్టిన సరుకు ముందువైపుకు తన బరువులో 0.8 వంతు, వెనక్కీ పక్కలకూ 0.5 వంతు బలాన్ని తట్టుకుని నిలబడాలి. యూరప్‌లో పాటించే ఈఎన్ 12195-1 ప్రమాణం కూడా రోడ్డు రవాణాకు దాదాపు ఇదే చెబుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. అంటే దాన్ని పట్టి ఉంచే ఏర్పాటు ముందువైపు 156 కిలోల తోపునూ, పక్కకు 98 కిలోల తోపునూ ఆపగలగాలి. ఈ అంకెల ముందు బబుల్ రాప్ చేయగలిగిందల్లా టపటపా పేలడం. మూడు పొరలు వేస్తే మూడు పొరలూ పేలతాయి.

దీనికి వాళ్ళ జవాబు డబుల్ స్టాండ్. స్టాండు వేశాం కదా, ఎక్కడికి పోతుంది అంటారు. ఎక్కడికి పోతుందో చూద్దాం. స్టాండు రెండు కాళ్ళ మధ్య ఒక అడుగు దూరం ఉందనీ, బండి గరిమనాభి నేలకు రెండడుగుల ఎత్తున ఉందనీ అనుకుందాం. అర అడుగును రెండడుగులతో భాగిస్తే పావు వస్తుంది. బండి బరువులో పావు వంతు బలం పక్కనుంచి తగిలితే చాలు, అది ఒరిగిపోతుంది. తట్టుకోవాల్సింది సగం, తట్టుకోగలిగేది పావు. మిగతా పావుకు దేవుడే దిక్కు. ముందువైపు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. డబుల్ స్టాండ్ మీదున్న బండిని దింపాలంటే మనమేం చేస్తాం? ముందుకు ఒక తోపు తోస్తాం, స్టాండు మడుచుకుంటుంది. లారీ బ్రేకు పడ్డప్పుడు ముందుకు మొహం పెట్టి నిలబెట్టిన బండికి తగిలేది సరిగ్గా అదే తోపు. పైగా స్టాండు మీద ఉన్నంతసేపూ వెనక చక్రం గాల్లోనే ఉంటుంది కాబట్టి వెనక షాకబ్జార్బర్లకు పని ఉండదు. ప్రతి స్పీడుబ్రేకరు దెబ్బా స్టాండు బోల్టుల మీదుగా నేరుగా ఫ్రేముకే చేరుతుంది. సైడ్ స్టాండ్ అయితే మరీ ఘోరం. పైనుంచి తాడు లాగే బరువంతా ఆ ఒంటికాలి మీదే పడి, కాలు వంగుతుంది, లేదా దాని కింద రేకు సొట్టపోతుంది. ఇంటిముందు కదలని నేలమీద నిలబడటానికి పుట్టిన స్టాండును, కుదుపుల లారీలో వందల కిలోమీటర్లు కాపలా కాయమంటున్నాం.

ఇక తాడు. నీలంగానో పసుప్పచ్చగానో మెరిసే ఆ తాడును అందరూ నైలాన్ అంటారు గానీ, బజారులో కిలోల లెక్కన అమ్మే వాటిలో చాలావరకు పాలీప్రొపిలీన్. అది సాగుతుంది, నున్నగా ఉండి ముడి జారుతుంది, ముడి పడ్డచోట బలం బాగా తగ్గుతుంది. ఎంత బరువు మోస్తుందో రాసిన చీటీ దానిమీద ఉండదు. సరుకు కట్టడానికే చేసిన పాలియెస్టర్ బెల్టుకు యూరప్ ప్రమాణం ప్రకారం నీలం రంగు చీటీ కుట్టి, ఎంత బలాన్ని ఆపగలదో దానిమీద అచ్చువేస్తారు. తెగే బరువులో మూడో వంతుకు మించి దానిమీద మోపకూడదన్నది అమెరికా లెక్క. మన తాడుకు ఇలాంటి మూడో వంతులూ నాలుగో వంతులూ లేవు, కుర్రాడు కాలు అడ్డంపెట్టి లాగిన బలమే ప్రమాణం. ఆ తాడును ఎక్కడ కడుతున్నారో కూడా చూడాలి. మెత్తటి ముసుగు మీద కడుతున్నారు. కట్టిన క్షణాన అది బిర్రుగానే ఉంటుంది. ఊరు దాటేసరికి తాడు కింద బుడగలు చప్పబడతాయి, అట్ట నలుగుతుంది, ఆ మేరకు తాడు వదులవుతుంది. బండికి రక్షణ అని చుట్టిందే బండిని పట్టి ఉంచాల్సిన కట్టును చెడగొడుతోంది. పైన పటారం లోన లొటారం అన్న సామెతకు ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు.

సరైన పద్ధతి రహస్యమేమీ కాదు. ఫ్యాక్టరీ నుంచి షోరూములకు కొత్త బండ్లు వెళ్ళేది కూడా మూసిన లారీల్లోనే. 2020లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ ద్విచక్ర వాహనాలు మోసే లారీలకు మూడు అంతస్తుల వరకూ అనుమతినిచ్చింది. అంతంత లోడులో బండిని నిలబెట్టేది చక్రాన్నీ ఫ్రేమునూ పట్టి ఉంచే ఏర్పాటే గానీ బుడగల ముసుగు కాదు. ఒక్క బండిని పంపేటప్పుడూ సూత్రం అదే. ముందు చక్రం అటూ ఇటూ తిరగకుండా ఇనుప చట్రంలో ఇరికించాలి. స్టాండు తీసేసి, బండిని రెండు చక్రాల మీదే నిటారుగా నిలబెట్టాలి. ముందు రెండు, వెనక రెండు, నాలుగు రాచెట్ బెల్టులు నాలుగు దిక్కులకూ ఏటవాలుగా నేలలోని కొక్కేలకు లాగి బిగించాలి. ముందు బెల్టులు పట్టుకోవాల్సింది ఫోర్కు రాడ్లను కలిపి ఉంచే క్లాంపును, హ్యాండిల్ గ్రిప్పులనో అద్దాల కాడలనో కాదు. వెనక బెల్టులు ఫ్రేమును పట్టుకోవాలి, ఇండికేటర్లనూ సైలెన్సర్‌నూ కాదు. బిగించినప్పుడు ముందు షాకబ్జార్బర్లు సగం దాకా కుంగాలి. ఇక్కడ బుల్లెట్ భక్తులు లేచి, అలా కుంగదీస్తే ఆయిల్ సీళ్ళు పోతాయి అంటారు. అసలు కుంగకుండా కడితే, మొదటి గతుకులో ఫోర్కు తనంతట తానే కుంగుతుంది, బెల్టు వదులై కొక్కెం ఊడిపోతుంది. అడుగంటా కుంగదీస్తే దెబ్బను మింగే చోటే మిగలదు. అందుకే సగం. రోజూ గుంతల రోడ్డు మీద మనిషినీ సిలిండరునూ మోస్తూ వేలసార్లు కుంగే సీళ్ళు, రెండు రోజులు సగం కుంగి ఉంటే కరిగిపోవు.

రెండో మాట క్లోజ్డ్ కంటైనర్. ఇనుప గోడల మధ్య ఉంది కాబట్టి భద్రం అన్నది దీని వెనకున్న తర్కం. వాన నుంచి భద్రం, దుమ్ము నుంచి భద్రం, దొంగ నుంచి కొంత భద్రం, నిజమే. కానీ బండిని పడదోసేది వాన కాదు. దాన్ని పడదోసే బ్రేకులూ మలుపులూ గతుకులూ గోడలు దాటి రానక్కర్లేదు, లారీతోపాటే ప్రయాణం చేస్తుంటాయి. కంటైనర్ నిజంగా కాపాడేది ఒకదాన్నే, కట్టినవాడి పరువును. తెరిచిన లారీలో తాడు వదులైతే వెనక వచ్చేవాడు హారన్ కొట్టి చెబుతాడు, డ్రైవరు టీకి ఆగినప్పుడు ఒకసారి చేత్తో లాగి చూస్తాడు. మూసిన పెట్టెలో కర్నూలు దగ్గర ఊడిన ముడి సంగతి బెంగళూరులో తలుపు తీసేదాకా ఎవరికీ తెలియదు. కాబట్టి మూసిన లారీకి మరింత గట్టి కట్టు కావాలి. మనవాళ్ళు మూసి ఉందన్న ధీమాతో కట్టునే తగ్గిస్తున్నారు. పెట్రోలు సంగతీ ఇంతే. దాని ఆవిరి గాలికన్నా బరువైనది, మూసిన పెట్టెలో నేలబారున పేరుకుంటుంది. బండిని పార్సిల్‌గా పంపాలంటే ట్యాంకు ఖాళీ చేసి తీరాలని రైల్వేవాళ్ళు పట్టుబట్టేది అందుకే. కంటైనర్లోకి ఎక్కించే బండికీ ఆ జాగ్రత్త తప్పదు. తీసిన పెట్రోలు ఎక్కడికి వెళ్ళిందన్నది వేరే వ్యాసం.

ఇప్పుడు అసలైన అభ్యంతరం వస్తుంది. ఇన్నేళ్ళుగా ఇలాగే పంపుతున్నాం, బండ్లన్నీ పడిపోతున్నాయా? అన్నీ పడిపోవు. హెల్మెట్ లేకుండా తిరిగేవాళ్ళు కూడా రోజూ క్షేమంగానే ఇంటికి చేరుతున్నారు, అంతమాత్రాన హెల్మెట్ దండగ అని ఎవరూ తేల్చలేదు. గట్టి బ్రేకు పడని ప్రయాణంలో వదులు తాడు కూడా సరిపోతుంది. కట్టు అవసరమయ్యేది ఆ ఒక్క బ్రేకు పడ్డప్పుడు. రెండో అభ్యంతరంలో కొంత నిజముంది. ఒకవైపు పరుపులు, ఇంకోవైపు అట్టపెట్టెలు ఇరికించాక బండి ఎటు ఒరుగుతుంది అంటారు. సరుకు కదలకుండా అడ్డు పెట్టడం నిజంగానే గుర్తింపున్న పద్ధతి. అయితే ఆ అడ్డు గట్టిగా ఉండాలి, తాను కదలకుండా ఉండాలి. పరుపు నొక్కితే నలుగుతుంది, అట్టపెట్టె చితుకుతుంది. పైగా తక్కువ ధరకు మాట్లాడుకున్న లారీలో నాలుగిళ్ళ సామాను కలిపి వేస్తారు. దారిలో ఒకాయన పరుపులు దింపేసుకున్నాక బండికి ఆసరా ఎవరు? ఊరూ పేరూ తెలియని ఒక గృహస్థుడి పరుపు మీద మన బండి భద్రత ఆధారపడి ఉందన్న సంగతి ఏ ప్రకటనలోనూ ఉండదు.

ఇన్సూరెన్స్ ఉంది కదండీ, భయమెందుకు? ఇది మూడో మాట. మన దేశంలో రోడ్డు, రైలు రవాణాకు ఇచ్చే ట్రాన్సిట్ పాలసీల్లో ఏ, బీ, సీ అని మూడు రకాల క్లాజులున్నాయి. బీ రకం లెక్కపెట్టి చెప్పే ప్రమాదాలు నిప్పు, పిడుగు, వంతెన కూలడం, లారీ గుద్దుకోవడం, లారీ బోల్తాపడటం వంటివి. లారీ బోల్తాపడితే ఆ పాలసీ ఆదుకుంటుంది. లారీ నిక్షేపంగా నిలబడి, లోపల బండి ఒక్కటే బోల్తాపడితే ఆ జాబితాలో దానికి చోటు వెతుక్కోవడం కష్టం. విస్తారమైన ఏ రకం కూడా ప్యాకింగ్ చాలకపోవడం వల్లా, తగినట్టు లేకపోవడం వల్లా జరిగిన నష్టాన్ని మినహాయిస్తుంది. ఏ రకం తీసుకున్నారన్నది రసీదిచ్చినవాడికే సరిగా తెలియదు, ఇక కొన్నవాడికేం తెలుస్తుంది? బిల్టీ, అంటే లారీ రసీదు మీద ఓనర్స్ రిస్క్ అని ముద్ర కొట్టి చేతులు దులుపుకునేవాళ్ళకు చట్టం మాత్రం అంత అనుకూలంగా లేదు. 1865 నాటి క్యారియర్స్ చట్టం స్థానంలో వచ్చిన 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం కింద, సరుకు పాడైనప్పుడు రవాణాదారు నిర్లక్ష్యాన్ని యజమాని రుజువు చేయాల్సిన పని లేదు. అయితే ముందుగా విలువ ప్రకటించి ఎక్కువ రుసుం కట్టకపోతే పరిహారానికి పరిమితి ఉంటుంది. నూరు శాతం భద్రం అన్న పెద్దమనిషి బిల్టీలో బండి విలువ గడిని ఖాళీగా వదిలేసేది మరచిపోయి కాదు.

ఖర్చు మాటకొస్తే, ఇది డబ్బు లేక ఆగిన పని కాదు. అమెరికా నిబంధన ప్రకారం బెల్టులన్నీ కలిపి సరుకు బరువులో కనీసం సగానికి సరిపడా సామర్థ్యం ఉన్నవి కావాలి. 195 కిలోల బండికి అది వంద కిలోలు కూడా కాదు, సరైన చీటీ ఉన్న అంగుళం వెడల్పు బెల్టులు నాలుగుంటే ఆ లెక్కను సునాయాసంగా దాటేస్తాయి. బెల్టు ఒకసారి కొంటే ఎన్నో ట్రిప్పులకు పనికొస్తుంది. బబుల్ రాప్ ఒక్క బండికే చెత్తబుట్ట పాలవుతుంది. అయినా కంపెనీ బబుల్ రాప్‌కే ఖర్చుపెడుతుంది, ఎందుకంటే అది వీడియోలో కనిపిస్తుంది, బిల్లులో ఒక వరుసగా కూర్చుంటుంది. నేలలోని కొక్కెం రెండింటిలోనూ కనిపించదు. దీన్ని లోడింగ్ కుర్రాళ్ళ మీదికి నెట్టడం అన్యాయం. బెల్టు చేతికివ్వకుండా తాడు చుట్ట ఇచ్చి పంపింది వాళ్ళు కాదు. సగం తప్పు కొనేవాడిది కూడా. ఎన్ని పొరలు చుడతారు అని బేరమాడే మనిషి, దేనికి కడతారు అని అడగడు.

కాబట్టి పొరల లెక్క మానేసి, బండి ఎక్కించక ముందే లారీ లోపలికి ఎక్కి చూడండి. నేలలోనో పక్క గోడల అడుగునో కొక్కేలుండాలి, బెల్టుల మీద సామర్థ్యం రాసిన చీటీ ఉండాలి, బిల్టీలో బండి విలువ రాసి ఉండాలి. కట్టడం పూర్తయ్యాక, ముసుగు వేయకముందే, హ్యాండిల్ పట్టుకుని గట్టిగా ఊపండి. బండి ఒక్కటే ఊగితే విప్పి మళ్ళీ కట్టమనండి. బండితోపాటు లారీ కూడా ఊగితే కట్టు కుదిరినట్టే. ఆ తర్వాత వాళ్ళను మూడు పొరలు కాదు, ముప్పై పొరలు చుట్టుకోనివ్వండి. అప్పుడు ఆ బుడగలకు మిగిలేది గీతలు పడకుండా చూడటమే, ఆ పని అవి బాగానే చేస్తాయి.