సంఘపెద్ద గారి సాక్ష్యజీవితం

కోస్తా జిల్లాల ప్రభుత్వ కార్యాలయాలలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తూ, ఆదివారం వచ్చేసరికి చర్చిలో సంఘపెద్దగా, అనగా పాస్టరు అయ్యగారికి కుడిభుజమై కానుకలు లెక్కపెట్టి, కుటుంబ తగాదాలు తీర్చే వ్యక్తిగా మారే ఉద్యోగిది ఒక ప్రత్యేకమైన కోవ. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ నీటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన చరిత్ర వారికి కంఠతా వచ్చు. అందులో తమ ముత్తాత కూడా ఉన్నారంటారు గాని, ఇలా చెప్పుకొనే పెద్దలందరి ముత్తాతలూ నిజంగా దిగి ఉంటే ఆ యేటికి ఆనాడే గండి పడి ఉండేది.

పెద్దగారు మామూలు పుచ్చుకోరు. అయితే పుచ్చుకోకపోవడానికి వారికి పట్టే సమయం, పుచ్చుకొనేవారికి పట్టదు. పాసుపుస్తకం కోసం వచ్చిన రైతు మడత నోటును అర్జీ కిందికి తోయగానే, దానిని చచ్చిన బొద్దింకను పట్టినట్లు రెండు వేళ్లతో ఎత్తి, హాలంతా చూసేలా తిరిగి ఇచ్చి, నిర్ణయించినదానికంటె ఎక్కువ తీసుకోరాదని సుంకరులను, అంటే రోమా ప్రభుత్వానికి పన్ను వసూలు చేసిపెట్టేవారిని, బాప్తిస్మమిచ్చు యోహాను హెచ్చరించిన సంగతితో మొదలుపెట్టి, సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్న ఘట్టం మీదుగా, 1988 నాటి అవినీతి నిరోధక చట్టానికి 2018లో వచ్చిన సవరణతో లంచం ఇవ్వడం కూడా నేరమే అయిందన్న విషయం వరకు వస్తారు. ఈలోగా ఊరికి పోయే ఆఖరి బస్సు కాస్తా పోతుంది. పక్క బల్ల ఆయనైతే అయిదు నిమిషాల్లో తేల్చేసేవాడని రైతు గొణుక్కుంటే, అది తమకు కలిగిన హింసగా పెద్దగారు ఆదివారం సాక్ష్యంలో, అనగా సంఘం ఎదుట నిలబడి దేవుని మేలులు చెప్పుకొనే సమయంలో, విన్నవిస్తారు.

మనస్సాక్షి సంగతులలో వారిది వకీలు బుర్ర. విగ్రహాలకు అర్పించినదని ఎవరైనా చెబితే తినవద్దనీ, చెప్పకపోతే విచారించకుండా తినవచ్చుననీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదవ అధ్యాయంలో పౌలు ఇచ్చిన సలహాను ఆధారం చేసుకొని, ఆయుధపూజ నాడు పులిహోర పొట్లం తెచ్చే అటెండరును నోరు తెరవకుండా బల్ల మీద పెట్టి పొమ్మని ముందే హెచ్చరిస్తారు. చీటీల ఆయన ఫోను చేస్తే నాన్నగారు ప్రార్థనలో ఉన్నారని కూతురి చేత చెప్పించి, ఆ మాట అబద్ధం కాకూడదన్న భయంతో తక్షణమే మోకాళ్లూనుతారు. సువార్త మహాసభలకు సెలవు కావలసివస్తే విషజ్వరమని డాక్టరు సర్టిఫికెట్టు జతచేసి, ఆ సభలోనే లేచి, ఏడాది పొడుగునా తలనొప్పి అయినా రానీయని దేవునికి స్తోత్రం చెల్లిస్తారు.

నోటు ముట్టని ఆ చేయి నాటుకోడి దగ్గర కొంత మెత్తబడుతుంది. అర్జీదారు కృతజ్ఞతతో తెచ్చిన పుంజును ఇంటికి తీసుకుపోకుండా, తొలిపంటను దేవునికి అర్పించే కోతపండుగకు కానుకగా పంపించడం వారి పద్ధతి. చర్చి ఆవరణలో ఆ కానుకలను వేలం వేసేటప్పుడు పెద్దగారి పాట మీద పాట పెంచే మొనగాడు సంఘంలో లేడు కనుక, పుంజు చవకగా, పవిత్రంగా, వారి వంటింటికే చేరుతుంది.

ఇంతటి మనిషి దగ్గరకు, పోరంబోకు స్థలం తాలూకు రిజిస్టరులో పాత తేదీతో ఒక నమోదు చేయమని పై అధికారి ఆజ్ఞ వచ్చిన రోజున మాత్రం దృశ్యం వేరు. ఆనాడు వాక్యం లేదు, చట్టం లేదు, హాలును కలియజూడడం లేదు. కలం మూత పెట్టడానికి కూడా సహకరించని వేళ్లతో, "నా వల్ల కాదండి, సార్" అన్న ఒక్క ముక్క తప్ప నోట మాట రాదు. నెల తిరక్కుండా మారుమూల మండలానికి బదిలీ అవుతుంది. ఏ ఆదివారమూ ఆ సంగతి సాక్ష్యంలోకి రాదు.

పెద్దగారి నీతికి చిల్లులున్నాయి, అవి వారికి తప్ప అందరికీ కనిపిస్తాయి. అయినా వారి మీద జోకులు వేసే సహోద్యోగులే, సొంత పొలం కాగితాలు సరిచూపించుకోవలసి వస్తే సెలవు పెట్టి మరీ ఆ మండలానికి వెళ్తారు. ప్రసంగం వినే ఓపిక ఉండాలి గాని, ఆ బల్ల దాటి వచ్చిన కాగితం కోర్టులో నిలుస్తుంది.