ఏ నిమ్మకాయైతేనేం!

వారంలో పెళ్లి. ఫొటోల్లో పళ్లు తళతళలాడాలి. రీల్‌లో చిట్కా దొరికింది. ఇక డెంటిస్టు దండగ!

నిమ్మచెక్కతో రుద్దుడు. పైన వంటసోడా చల్లుడు. బుసబుసా నురగ.
పొంగిందంటే పనిచేస్తున్నట్టేనట!
(ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్. గోలీసోడాలోనూ అదే. దానికెవరూ పళ్లు తెల్లబడ్డాయని మురిసిపోలేదు.)

నిమ్మరసం పీహెచ్ 2 దరిదాపుల్లో ఉంటుంది. 5.5 కిందికి దిగితేనే ఎనామిల్ కరగడం మొదలు. పోయిన ఎనామిల్ మళ్లీ పుట్టదు.

అసలు తమాషా ఇప్పుడు. పైపూత అరిగాక బయటపడే డెంటిన్ రంగేమిటి?
పసుపు!
పెళ్లికి శుభమే లెండి.

ఇంకా ఘనులున్నారు. పుళ్లు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని పుక్కిలించేస్తారు. ఐరోపాలో కొట్లో అమ్మే దంత సరుకులో అది 0.1 శాతం దాటకూడదు. మన ఇంటి ప్రయోగశాలకు కొలతల్లేవు, గరిటెలే.

బాత్రూం బ్లీచ్ వైపు ఆశగా చూసే మహానుభావులకు మనవి: టైల్సుకి చిగుళ్లుండవు.

ఐస్‌క్రీం నోట్లో పెట్టగానే జివ్వుమంటోందా? దానికి రీల్ లేదు.
డెంటిస్టు దగ్గరికి నడవండి. నిమ్మకాయను పులిహోరకు వదిలేయండి.