తపాలు బల్ల మీది తేదీ ముద్రను

నా ముఖాన మూడు వరుసలుంటాయి. పైన ‘స్వీకరించడమైనది’, కింద ‘జిల్లా వైద్య, ఆరోగ్యశాఖాధికారి కార్యాలయం’, నడుమ తేదీ. పైదీ కిందదీ మారవు. నడుమది మాత్రం సన్నని రబ్బరు పట్టీల మీద ఉంటుంది. పక్కనున్న పళ్లచక్రాలను గోటితో నెడితే రోజూ నెలా మారతాయి. కలెక్టరేటు గేటు ఎదుట ‘రబ్బరు స్టాంపులు చేయబడును’ అని బోర్డు పెట్టుకున్న చిన్న దుకాణంలో పుట్టాను. అక్కణ్ణించి కోస్తాలో ఒక జిల్లా కార్యాలయానికి, తపాలు గుమాస్తా బల్ల మీదికి వచ్చాను. ఆ జిల్లా పేరు చెప్పను.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీల) నెలవారీ నివేదికలు, ఏఎన్‌ఎంల సెలవు చీటీలు, స్కానింగ్ సెంటర్ల రిజిస్ట్రేషన్ దరఖాస్తులు, కమిషనరేటు మెమోలు, కోర్టు నోటీసులు, అన్నీ నా కిందికే వస్తాయి. వాటిలో చాలా కాగితాలకి తేదీ ఒక గుర్తు, అంతే. సమాచార హక్కు చట్టం కింద వచ్చే దరఖాస్తుకి అలా కాదు. మూలన పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి వస్తుంది అది. తెల్ల రేషన్‌కార్డు నకలు జత చేసినవాళ్లకి ఆ పది కూడా అక్కర్లేదు. ఆ కాగితం కార్యాలయానికి చేరిన నాటి నుంచి 30 రోజుల్లో జవాబు వెళ్లాలి. ఇచ్చినా, ఇవ్వనన్నా, ఆలోపే చెప్పాలి. 2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చిన చట్టం దేశంలోని ప్రతి పౌరుడికీ ఇచ్చిన గడువది. ఆ లెక్క మొదలయ్యేది నా దగ్గర.

అడిగేవాళ్ల గురించి ముందు చెప్పాలి. రెవెన్యూ ఆఫీసుకి వెళ్లే ప్రశ్న వెనక భూమి ఉంటుంది, ఇంజినీర్ల ఆఫీసుకి వెళ్లే ప్రశ్న వెనక రోడ్డు ఉంటుంది. మా దగ్గరికి వచ్చే ప్రశ్న వెనక చాలాసార్లు ఒక మనిషి ఒళ్లుంటుంది. కాన్పులో పోయిన కోడలు, గడువు దాటిన సిరంజి, రాత్రివేళ తలుపు తీయని ఆసుపత్రి. రాసే చెయ్యి వణికి అక్షరం పక్కకి పోయిన కాగితాలు నాకు తెలుసు. దరఖాస్తుదారు కారణం చెప్పనక్కర్లేదని చట్టంలో ఉంది. అయినా జనం చెప్పుకుంటారు. రెండు పేజీలు కష్టం రాసి, మూడో పేజీ అడుగున ఒక్క ప్రశ్న వేస్తారు.

నేను వచ్చిన కొత్తలో తపాలు చూసిన ఆయనకి ఒక పద్ధతుండేది. సమాచార హక్కు కవరు కనబడగానే నా దాకా రానిచ్చేవాడు కాదు. సొరుగులో పడేసేవాడు. లోపల ఆ సీటు చూసేవాళ్లకి తీరిక దొరికిందని కబురొస్తే అప్పుడు తీసి, ఆ రోజు తేదీతో నన్ను నొక్కేవాడు. కాగితం వచ్చింది నెల మొదట్లో అయితే, నా మాట ప్రకారం వచ్చింది నెలాఖర్న. సొరుగులో గడిచిన రోజులు ఎవరి లెక్కలోనూ ఉండేవి కావు. చేత్తో తెచ్చి ఇచ్చినవాళ్లకి నకలు మీద ముద్ర వేసి ఇవ్వమంటే ‘రేపు రండి’ అనేవాడు.

ఒక రిటైర్డు టీచరు గారు రిజిస్టర్డు పోస్టులో పంపారు. ఎకనాలెడ్జ్‌మెంటు కార్డు వెనక్కి వెళ్లింది, దాని మీద మా ఆఫీసు సంతకం, పోస్టాఫీసు గుండ్రటి ముద్ర. ఆయన మొదటి అప్పీలు వేశారు, తర్వాత సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు వేశారు. కమిషన్ ముందు రెండు తేదీలూ పక్కపక్కన నిలబడ్డాయి: పోస్టాఫీసుదీ, నాదీ. రోజుకి 250 రూపాయల చొప్పున, 25 వేలు మించకుండా, పౌర సమాచార అధికారి సొంత జీతంలోంచి జరిమానా కట్టాల్సి వచ్చే ఆలస్యం అది. గడువు దాటితే నకళ్లకి పేజీకి రెండేసి రూపాయలు వసూలు చేసే హక్కు కూడా పోతుంది, ఎన్ని పేజీలైనా ఉచితంగా ఇవ్వాల్సిందే. డబ్బు మాట అటుంచండి. నా ముఖం మీద అబద్ధం అచ్చేశారు, దాన్ని నిజమని ఫైల్లో పెట్టారు. తేదీ ముద్రకి అంతకన్నా అవమానం లేదు.

ఆ తర్వాత సీటు మారింది. సీనియర్ అసిస్టెంటుగా వచ్చిన మేడమ్ మొదటి రోజే తపాలు బల్ల దగ్గర నిలబడి, “ఏ కాగితమైనా వచ్చిన గంటలో ముద్ర పడాలి. మనిషి ఎదురుగా ఉంటే ఎదురుగానే వెయ్యండి, వాళ్ల నకలు మీద కూడా,” అని చెప్పింది. ఆ రోజు నుంచి ఏ కాగితమూ నా దగ్గరికి ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు.

ఆవిడ పని చేసే తీరు చూడాలి. దరఖాస్తు రాగానే మొత్తం చదివేది, తర్వాత ఒక్కో ప్రశ్న పక్కనా పెన్సిల్‌తో ఆ కాగితం ఎవరి దగ్గరుందో రాసుకునేది. ఫార్మసీ, మలేరియా విభాగం, ఎస్టాబ్లిష్‌మెంట్, ఫలానా పీహెచ్‌సీ. మనది కానిదైతే అయిదు రోజుల్లో అసలు ఆఫీసుకి బదిలీ చేసి, అడిగినవాళ్లకి కూడా ఆ సంగతి రాసేది. నకళ్లు ఎన్ని పేజీలొస్తాయో మొదటి వారంలోనే లెక్కపెట్టి డబ్బు కట్టమని ఉత్తరం పంపేది. ఇది చిన్న సంగతి కాదు. ఉత్తరం పంపిన రోజుకీ డబ్బు కట్టిన రోజుకీ మధ్య కాలాన్ని 30 రోజుల్లోంచి తీసేస్తారు. అందుకని కొన్ని ఆఫీసుల్లో 29వ రోజు దాకా ఊరుకుని అప్పుడు ఆ ఉత్తరం పంపుతారు. చట్టంలో మాట చెడలేదు, మనిషికి మాత్రం ఇంకో నెల పోయింది. మేడమ్‌కి ఆ పని అసహ్యం.

ఒక వరికోతల కాలంలో పాతికేళ్ల కుర్రాడు వచ్చాడు. తండ్రి పొలంలో పాముకాటుకి పోయాడు. పీహెచ్‌సీకి తీసుకెళ్తే జిల్లా ఆసుపత్రికి పొమ్మన్నారట, దారిలో ప్రాణం పోయింది. దరఖాస్తులో ఒక్కటే వాక్యం: మా నాన్నకి ఇంజెక్షన్ ఎందుకు వెయ్యలేదో తెలియజేయగలరు. నేను తేదీ వేశాను. మేడమ్ చదివి అతన్ని బల్ల ఎదుట కూర్చోబెట్టింది.

“బాబూ, ఇది ఇలాగే ఉంటే నీకు ఒక్క ముక్క జవాబొస్తుంది, ‘ఎందుకు అన్నది మా రికార్డులో లేదు’ అని. కాగితం మీద ఉన్నదే చట్టం ఇప్పించగలదు. కాగితం మీద ఏముందో అడుగు.”

“ఏం ఉంటుందో నాకెలా తెలుస్తుందండీ?”

ఆవిడ చెప్పింది. స్టాకు రిజిస్టరులో పాము విషానికి విరుగుడు మందు పేజీ, నెల ముందు నుంచి ఆ రోజు వరకు. ఆ మందు కోసం పీహెచ్‌సీ పంపిన ఇండెంట్లు. ఆ రోజు డ్యూటీ చార్టు. రెఫరల్ రిజిస్టరులో ఆ రోజు వరుస. అన్నిటికీ ధ్రువీకరించిన నకళ్లు. అతను అక్కడే కొత్త కాగితం రాశాడు, నేను దాని మీద కూడా పడ్డాను.

ఆవిడ చెప్పిన మాట వెనక సుప్రీంకోర్టు ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక కేసులో 2010లో ఆ కోర్టు, రికార్డులో ఉన్న సమాచారాన్ని పొందే హక్కుందే తప్ప ఒక నిర్ణయం ఎందుకు తీసుకున్నారో చెప్పమనే హక్కు లేదని తేల్చింది. చాలా ఆఫీసులు ఆ తీర్పుని తలుపు గడియగా వాడుకుంటాయి. కానీ దరఖాస్తుదారుకి తగిన సాయం చెయ్యాలన్న బాధ్యత కూడా అదే చట్టం అధికారి మీద పెట్టింది. ఏమడగాలో తెలియని మనిషికి తెలియజెప్పకుండా తీర్పు చూపించడం నా దృష్టిలో అన్యాయం.

పీహెచ్‌సీ నుంచి నకళ్లు వచ్చాయి. ఆ పేజీ నాకు కళ్లకి కట్టినట్టుంది. నీలం గీతలు, చేత్తో గీసిన గడులు: తేదీ, బ్యాచి నంబరు, గడువు, వచ్చినవి, ఇచ్చినవి, నిల్వ. అతని తండ్రి వెళ్లిన రోజు నిల్వ గడిలో ‘2’ అని ఉంది. జిల్లాకి ఆ పీహెచ్‌సీ పంపిన నెలవారీ నివేదికలో ఆ మందు ఎదుట ‘ఉంది’ అని టిక్కు ఉంది. రెండూ నిజాలే. విషం ఎక్కిన మనిషికి మొదటి మోతాదే ఎనిమిది నుంచి పది వయల్స్ పడుతుంది. రెండు వయల్స్ ఉన్న ఆసుపత్రిలో మందు ఉన్నట్టా లేనట్టా?

దాని కింది కాగితం ఇండెంటు. మందు అత్యవసరంగా పంపమని మెడికల్ ఆఫీసరు రాసిన ఉత్తరం, దాని ఆఫీసు ప్రతి. కుడివైపు మూలన నా ముద్ర, తండ్రి పోయిన రోజుకి మూడు వారాల ముందరి తేదీతో. కాగితం మా కార్యాలయానికి చేరింది, కదల్లేదు.

ఆ కాగితం ఇస్తే ఎవరి మెడకి చుట్టుకుంటుందో గదిలో అందరికీ తెలుసు. “ఇండెంటు పీహెచ్‌సీ వాళ్లనే అడగమందాం, మన దగ్గర దొరకలేదందాం,” అని ఒకాయన మెల్లిగా అన్నాడు. మేడమ్ మాట పెంచలేదు. ఇండెంటు నకలు మీద ‘నిజప్రతికి సరియైనది’ అని రాయించి, అధికారి చేత సంతకం పెట్టించి, మిగతా పేజీలతో కలిపి కవరులో పెట్టింది. సంతకం పెట్టిన అధికారిని కూడా తలుచుకోవాలి. ఆయన ఒకసారి నా తేదీ చూశాడు, పెన్ను తీశాడు. ఆ తర్వాత పాము విషం, కుక్కకాటు మందుల ఇండెంట్లు తపాలులో కనబడితే ముద్ర పడగానే ఫార్మసీ విభాగానికి చేత్తో తీసుకెళ్లి ఇవ్వాలని ఆఫీసు ఆర్డరు వచ్చింది. పోయిన మనిషి రాడు. కానీ ఆ కుటుంబం చేతిలో తేదీలున్న కాగితాలున్నాయి. వాటితో వాళ్లు ఏ గడప ఎక్కినా మాట నిలబడుతుంది.

ఇవ్వకూడనివీ వస్తాయి. ఫలానా మండలంలో ఏఆర్‌టీ మందులు తీసుకుంటున్నవాళ్ల పేర్లు, ఊళ్లు కావాలని ఒక దరఖాస్తు వచ్చింది. హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్ల వివరాలు బయటపెట్టకూడదని 2017లో విడిగా చట్టమే ఉంది. మేడమ్ సంఖ్య ఇచ్చింది, పేర్లు ఇవ్వలేదు. ‘ఇవ్వబడదు’ అని ఒక్క ముక్క రాసి వదల్లేదు కూడా. ఏ సెక్షను కింద, ఏ కారణాన, ఎవరికి, ఎన్ని రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చో రాసింది. అలా రాయని తిరస్కరణ తిరస్కరణే కాదు.

సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం గురించిన క్లాజుని 2023 నాటి డేటా రక్షణ చట్టం మార్చింది. ప్రజాప్రయోజనం ఎక్కువనిపిస్తే ఇవ్వవచ్చన్న సెక్షను ఇంకా ఉంది. అయినా నాకు బెంగగానే ఉంది. రోగి జబ్బు ఆ రోగిది. కానీ డ్యూటీలో ఉండాల్సిన రాత్రి డాక్టరు ఉన్నాడా లేడా అన్నది ఆ డాక్టరు సొంత విషయం కాదు, ఆ రాత్రి వచ్చిన రోగుల విషయం. ఈ రెంటినీ ‘వ్యక్తిగతం’ అనే ఒక్క మాట కింద కట్టేస్తారేమోనని భయం.

2021 మే నెలలో ఒకాయన మాస్కు మీద మాస్కు వేసుకుని వచ్చాడు. భార్యకి ఊపిరి అందడం లేదు, ఆక్సిజన్ పడక దొరకడం లేదు. ఏ ఆసుపత్రికి ఎన్ని పడకలు కేటాయించారో, ఎన్ని నిండాయో కావాలి. ప్రాణానికి సంబంధించిన సమాచారాన్ని 48 గంటల్లో ఇవ్వాలి. నాలో రోజు ఉంది, నెల ఉంది, గంట లేదు. గుమాస్తా నన్ను నొక్కి, పక్కన ఎర్ర పెన్నుతో ‘ఉ. 11.40’ అని రాసి, ఫైలు పెట్టేదాకా ఆగకుండా కాగితం పట్టుకుని కంట్రోల్ రూము వైపు పరిగెత్తాడు. పడకల జాబితా ఆయన చేతికి ఆ మధ్యాహ్నమే అందింది. జాబితా ఉన్నది గోడ మీద అతికించడానికే కదా, అడిగేదాకా ఎందుకు దాచారని ఆయన అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. ఎవరూ అడక్కుండానే తమంతట తాము వెల్లడించాల్సిన 17 అంశాలని చట్టం నాలుగో సెక్షనులో రాసి పెట్టింది. ప్రతి పీహెచ్‌సీ గుమ్మం పక్కన మందుల నిల్వ రోజూ సుద్దతో రాసి ఉంటే, ఆ వరికోతల కుర్రాడి తండ్రిని నేరుగా మందున్న చోటికే తీసుకెళ్లేవాళ్లు.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు ఫైళ్లు మూటలు కట్టి పంచారు. పాత సంవత్సరాల రికార్డు అడిగినవాళ్లని కొత్త జిల్లా మా దగ్గరికీ మేం కొత్త జిల్లాకీ పంపుకున్న రోజులవి. ఏ మూట ఎటు వెళ్లిందో మేడమ్ జాబితా రాసి ఉంచింది కాబట్టి మా దగ్గర తిప్పలు తక్కువ.

నా సంవత్సరపు పట్టీ మీద 2014 నుంచి 2025 వరకే అంకెలున్నాయి. 2025 డిసెంబరు 31, బుధవారం, సాయంత్రం ఒక పెద్దావిడ వచ్చింది. ఊళ్లో సబ్‌సెంటరుకి నర్సమ్మ రావడం లేదని చెప్పింది. రాయడం రాదు. నోటితో చెప్పినదాన్ని రాసిపెట్టడం కూడా అధికారి పనేనని చట్టంలో ఉంది. గుమాస్తా కుర్రాడు కుర్చీ వేసి, అడిగి, రాశాడు: మంజూరైన పోస్టులెన్ని, ఖాళీ ఏ తేదీ నుంచి, ఇన్‌ఛార్జిగా ఎవరికి అప్పగించారు, ఆ ఉత్తర్వు నకలు. చదివి వినిపించి వేలిముద్ర తీసుకున్నాడు. తెల్లకార్డు జిరాక్సు జత చేశాడు. నన్ను రెండుసార్లు నొక్కాడు, ఒకటి మా ప్రతి మీద, ఒకటి ఆవిడ ప్రతి మీద.

“నెలలోపు జవాబొస్తుందమ్మా. రాకపోతే ఈ కాగితం పట్టుకుని రండి, దీని మీద తేదీ ఉంది,” అన్నాడు.

“నువ్వుంటావా బాబూ అప్పటికి?”

“నేను బదిలీ అయినా ఈ కాగితం చెల్లుతుందమ్మా.”

ఆవిడ కాగితం మడిచి కొంగున ముడేసుకుంది. కుర్రాడు రిజిస్టరు తెరిచి, గడువు గడిలో 30-01-2026 అని పెన్నుతో రాశాడు. ఆ జవాబు కవరు కట్టే నాటికి బల్ల మీద కొత్త ముద్ర ఉంటుంది, అది లెక్క మొదలుపెట్టేది నేను వేసిన తేదీ నుంచే.